ఆర్కిటెక్చర్ కళాశాల భవనం: నడక ప్రధానంగా రూపకల్పన

విశ్వవిద్యాలయ ఆర్కిటెక్చర్ కళాశాల భవనాన్ని గదుల జాబితాతో కాక, అందులో మనుషులు రోజూ నడిచే దారులతో మొదలుపెట్టి రూపొందించే పద్ధతి ఇది. మెట్లు, వాలుదారులు, వసారాలు, ముంగిళ్లు ఇందులో గదులను కలుపుతాయి; పాఠాలకూ చోటిస్తాయి. ఆగి చూడటం, పక్క తరగతి వాళ్ల పని గమనించటం, గీసిన షీట్లు గోడకు తగిలించి చర్చించటం దారిలోనే జరుగుతాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఐరోపా, అమెరికా, బ్రెజిల్, భారతదేశాల్లో కట్టిన పేరున్న ఆర్కిటెక్చర్ కళాశాలల్లో కొన్ని ఈ ఆలోచన చుట్టూ పుట్టాయి. ఈ వ్యాసం ఆ పరిణామాన్ని పరిచయం చేసి, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పరిసరాల నేలకు, ఎండకు, వానకు ఆ పద్ధతి ఎలా వర్తిస్తుందో వివరిస్తుంది.

పరిభాష

భవన లెక్కల్లో గదులు పోగా మిగిలిన దారులు, మెట్లు, లిఫ్టులు, ప్రవేశ హాళ్లను కలిపి సర్క్యులేషన్ అంటారు. విద్యా భవనాల్లో ఇది మొత్తం వైశాల్యంలో సాధారణంగా నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందు కత్తెర పడేది దీనిమీదే. నడక ప్రధాన పద్ధతి ఆ వైశాల్యాన్నే పనికొచ్చే చోటుగా మలుస్తుంది.

తెలుగులో ఇలాంటి చోట్లకు పాత పేర్లు చాలానే ఉన్నాయి. వీధికీ ఇంటికీ మధ్య అరుగు, గదుల ముందు వసారా, ఇంటి నడుమ నడవ, ఆకాశానికి తెరిచి ఉండే మండువా, ఊరి వాళ్లు కూడే చావిడి. వీటిలో ఏదీ పూర్తిగా గది కాదు, ఉత్త దారీ కాదు. మండువా లోగిలిలో ఒక గది నుంచి మరో గదికి వెళ్లే మనిషి నడుమ ఉన్న ఖాళీని చూడకుండా వెళ్లలేడు, అక్కడున్న వాళ్ల కంట పడకుండా పోలేడు. ఆధునిక కళాశాల భవనాలు వెతుక్కుంటున్న గుణం ఇదే.

ఈ విద్యకు నడక ఎందుకు ముఖ్యం

ఆర్కిటెక్ట్స్ చట్టం 1972 ప్రకారం ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ దేశంలో ఈ విద్య ప్రమాణాలను నిర్ణయిస్తుంది. బీఆర్క్ ఐదేళ్ల కోర్సు, పది సెమిస్టర్లు. అందులో కొంత కాలం కార్యాలయ శిక్షణకు పోతుంది. ఒక్కో తరగతికి 40 మంది లెక్కన చూస్తే ఐదు సంవత్సరాలకు 200 మంది. మిగతా కోర్సుల్లో లెక్చర్ హాలుకు ఉన్న స్థానం ఇక్కడ డిజైన్ స్టూడియోది. విద్యార్థి తన గురువు దగ్గర ఎంత నేర్చుకుంటాడో, పక్క బల్ల మీది బొమ్మ చూసి, పై తరగతి వాళ్ల మోడల్ చూసి అంతే నేర్చుకుంటాడు. మొదటి సంవత్సరం స్టూడియోకూ థీసిస్ స్టూడియోకూ మధ్య తలుపులేసిన పొడవాటి కారిడార్ ఉంటే ఈ రెండో చదువు ఆగిపోతుంది.

దూరానికీ మాటకూ ఉన్న సంబంధాన్ని అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు థామస్ అలెన్ 1977లో వచ్చిన తన పుస్తకంలో చూపించాడు. పరిశోధన సంస్థల్లో ఇద్దరి బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ వాళ్లు మాట్లాడుకోవటం వేగంగా పడిపోతుందనీ, 50 మీటర్లు దాటాక దాదాపు అడుగంటుతుందనీ ఆయన గ్రాఫు చెబుతుంది. బిల్ హిలియర్, జూలియెన్ హాన్సన్ లండన్‌లో రూపుదిద్ది, 1984లో వచ్చిన పుస్తకంలో వివరించిన ‘స్పేస్ సింటాక్స్’ సిద్ధాంతం మరో మెట్టు ముందుకెళ్లి, ఏ దారి మిగతా దారులతో ఎంత కలిసి ఉందో లెక్కగట్టి, జనం ఎక్కడ ఎక్కువగా కదులుతారో ముందే అంచనా వేసే పద్ధతిని ఇచ్చింది.

కళాశాల జీవితంలో వెడల్పాటి దారి అవసరం బాగా కనిపించేది, విద్యార్థులు తమ పనిని పరీక్షకుల ముందు ఉంచే జ్యూరీ రోజు. ఏ1 షీటు కొలత 594 × 841 మిల్లీమీటర్లు. ఒక్కో విద్యార్థి ఆరేడు షీట్లు తగిలించాలంటే గోడ పొడవునా రెండు మూడు మీటర్లు కావాలి. 40 మందికి వంద మీటర్ల గోడ. ఏ తరగతి గదిలోనూ అంత గోడ దొరకదు. 90 × 120 సెంటీమీటర్ల పలక మీద కట్టిన మోడల్‌ను ఇద్దరు మోస్తూ వస్తే 90 సెంటీమీటర్ల తలుపులో అడ్డంగా పట్టదు; దాన్ని ఏటవాలుగా వంచితే రాత్రంతా అంటించిన గోడలు ఊడి వస్తాయి. వెడల్పాటి వసారా, పిన్-అప్ గోడ, రెండు రెక్కల తలుపు ఈ కళాశాలలో సోకులు కావు, పనిముట్లు.

తెలుగునేల మీద పూర్వరూపాలు

నడక కోసం కట్టిన కట్టడాలు తెలుగువారికి కొత్త కాదు. అమరావతి స్తూపం చుట్టూ ప్రదక్షిణ పథం, దాని పక్కనే చెక్కిన పలకల వరస ఉండేవి; భక్తుడు నడుస్తూ కథ చదువుకునేవాడు. 1213 నాటి రామప్ప గుడిలో ఎత్తైన ఉపపీఠం మీద గుడి చుట్టూ నడవటానికి విశాలమైన చోటు వదిలారు. గోల్కొండ కోటలో కొండ మీది బాలా హిస్సార్‌కు ఎక్కే మూడువందలకు పైగా మెట్లు ఒక్క ఊపున పైకి పోవు. బండల మధ్య మలుపులు తిరుగుతూ, ఆగినచోటల్లా కింది ఊరిని కొత్తగా చూపిస్తాయి.

ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ రోడ్డు చివర ఉన్న నాగార్జునకొండ ఈ వ్యాసానికి మరీ దగ్గరి ఉదాహరణ. ఇక్ష్వాకుల కాలపు, అంటే క్రీ.శ. 3, 4 శతాబ్దాల విహారాల్లో నడుమ రాతి స్తంభాల మండపం, దాని చుట్టూ భిక్షువుల గదుల వరసలు ఉండేవి. గదులు చిన్నవి, మండపం పెద్దది. చదువూ చర్చా ఉమ్మడి చోటులో సాగేవి. ఆ ప్రాంతం నాగార్జునసాగర్ ఆనకట్ట నీటిలో మునగకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, విహార శిథిలాలను, మెట్ల వరసలున్న రంగస్థలాన్ని అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు.

హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మరో రకం పాఠం. శామ్యూల్ రస్సెల్ రూపొందించిన ఈ భవనం పని 1803లో మొదలైంది. లోపల ఒక్కటిగా ఎక్కి రెండుగా చీలే పెద్ద మెట్ల వరస దాని గుండెకాయ. 1949 నుంచి అక్కడ మహిళా కళాశాల నడిచింది. రాయబారి దర్పం కోసం కట్టిన మెట్లు తరువాత ఆడపిల్లల చదువుకు దారి ఇచ్చాయి.

ఇతర దేశాల్లో

జర్మనీలోని డెస్సా నగరంలో వాల్టర్ గ్రోపియస్ రూపొందించిన బౌహౌస్ 1926 డిసెంబరులో తెరుచుకుంది. వర్క్‌షాపుల రెక్కను, వృత్తి విద్యాలయాన్ని రోడ్డు మీదుగా ఒక వంతెన కలుపుతుంది. పరిపాలన గదులు ఆ వంతెనలోనే ఉంచారు. ఏ ఒక్క ముఖం నుంచి చూసినా ఆ భవనం పూర్తిగా అర్థం కాదు, చుట్టూ నడవాలి. నడుస్తూ తెలుసుకునే భవనం అన్న భావనకు లె కార్బూజియే ‘ఆర్కిటెక్చరల్ ప్రొమెనాడ్’ అని పేరు పెట్టాడు. ఆయన హార్వర్డ్‌లో కట్టిన కార్పెంటర్ సెంటర్‌లో (1963) వంపు తిరిగిన వాలుదారి భవనాన్ని చీల్చుకుని పోతుంది; బాటసారి కూడా లోపలి స్టూడియోలను చూస్తూ అటు నుంచి ఇటు దాటవచ్చు.

ఆర్కిటెక్చర్ కళాశాలల భవనాల్లో మూడు భిన్నమైన మార్గాలు కనిపిస్తాయి. మొదటిది షికాగోలో మీస్ వాన్ డెర్ రో కట్టిన క్రౌన్ హాల్ (1956): 120 × 220 అడుగుల ఒకే గది, నడుమ ఒక్క స్తంభం లేదు, అందరూ అందరికీ కనిపిస్తారు. రెండోది యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ రుడాల్ఫ్ భవనం (1963): ఏడంతస్తుల్లో ముప్పైకి మించిన మట్టాలు, మెట్టు మెట్టుకూ మారే దృశ్యం. మూడోది బ్రెజిల్‌లో సావో పాలో విశ్వవిద్యాలయ ఆర్కిటెక్చర్ కళాశాల. విలనోవా అర్టిగాస్, కార్లోస్ కస్కాల్డి రూపొందించిన ఈ భవనం 1969లో తెరుచుకుంది. ప్రధాన ద్వారానికి తలుపే లేదు. సగం సగం అంతస్తుల తేడాతో ఉన్న మట్టాలను వెడల్పాటి వాలుదారులు కలుపుతాయి. నడుమ ఉన్న పెద్ద హాలు సభలకూ, ప్రదర్శనలకూ, నిరసనలకూ వేదికైంది.

హార్వర్డ్‌లో జాన్ ఆండ్రూస్ కట్టిన గండ్ హాల్ (1972) స్టూడియోలను సినిమా హాలు బాల్కనీల్లా ఒకదాని వెనక ఒకటి ఐదు మెట్లుగా పేర్చి, అన్నిటి మీదా ఒకే వాలు కప్పు వేసింది. కింది మెట్టు మీద కూర్చున్న విద్యార్థికి పై తరగతుల వాళ్లంతా ఒకే చూపులో కనిపిస్తారు.

భారతదేశంలో

ఈ దారిలో మన దేశపు గట్టి ఉదాహరణ అహ్మదాబాద్‌లోని స్కూల్ ఆఫ్ ఆర్కిటెక్చర్, ఇప్పటి సెప్ట్ విశ్వవిద్యాలయం. 1962లో సంస్థను నెలకొల్పిన బాలకృష్ణ దోషీయే భవనాన్నీ రూపొందించాడు. 1968 నాటికి అది పూర్తయింది. ఇటుక గోడల మధ్య స్టూడియోలు తలుపులు లేకుండా ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటాయి. ఉత్తరపు వెలుతురు పైనుంచి దిగుతుంది. నేల మట్టం మెట్లు మెట్లుగా మారుతూ, కూర్చోవటానికీ మాట్లాడటానికీ కావలసినన్ని అంచులు ఇస్తుంది.

ఫతేపూర్ సిక్రీ స్ఫూర్తితో దోషీ రూపొందించిన బెంగళూరు ఐఐఎంలో ఈ ఆలోచన ప్రాంగణం అంతటికీ విస్తరించింది. రాతి గోడలు, పందిళ్ల కింద నడిచే పొడవాటి దారులు, వాటి మీద పడే నీడలు అక్కడి అసలు భవనం. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఉద్యోగుల కాలనీని కూడా దోషీయే రూపొందించాడు. ఆయనకు 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. 2023 జనవరిలో కన్నుమూశాడు.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఈ రంగంలో పాత సంస్థ. నిజాం కాలపు చేతిపనుల, లలితకళల పాఠశాల దీనికి మూలం. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడినప్పుడు అప్పటి ప్రభుత్వ లలితకళలు, ఆర్కిటెక్చర్ కళాశాల అందులో కలిసింది. 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది. అదే 2008లో కేంద్ర ప్రభుత్వం విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌ను నెలకొల్పింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా ఈ కోర్సు నడుపుతోంది.

చిత్రకారులు, శిల్పులు, ఫొటోగ్రాఫర్లు, ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఒకే ఆవరణలో తిరగటం మాసాబ్‌ట్యాంక్ సంస్థ ప్రత్యేకత. కొత్తగా కట్టే కళాశాల ఎంత పెద్ద స్థలంలో ఉన్నా, ఇలాంటి పొరుగును భవనమే కల్పించుకోవాల్సి ఉంటుంది.

ఇబ్రహీంపట్నం: నేల, ఎండ, వాన

హైదరాబాద్‌కు ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇబ్రహీంపట్నానికి, తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550–1580) పేరు వచ్చింది. ఊరి పెద్దచెరువు ఆ కాలపుదే. ఇటీవలి దశాబ్దాల్లో సాగర్ రోడ్డు పొడవునా, మంగళ్‌పల్లి నుంచి ఖానాపూర్ దాకా ఇంజినీరింగ్ కళాశాలలు వరసగా వెలిశాయి. 2022లో రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ ఈ మండలంలోని కొంగరకలాన్‌లో కొత్త భవనంలోకి వచ్చింది.

ఈ కళాశాలల నడక గడప దగ్గర కాదు, బస్సు దగ్గర మొదలవుతుంది. విద్యార్థులు చాలామంది నగరం నుంచి కాలేజీ బస్సుల్లో వస్తారు. పొద్దున కొద్ది నిమిషాల్లో వందల మంది ఒకేసారి దిగుతారు, సాయంత్రం ఒకేసారి ఎక్కుతారు. బస్సు దిగే చోటు నుంచి స్టూడియో దాకా నీడ, ఆగటానికి వెడల్పు, కూర్చోవటానికి అరుగు ఉన్న దారి ఇక్కడ మొదటి అవసరం.

ఇక్కడి నేల దక్కను పీఠభూమి గ్రానైట్. పైన పల్చటి ఎర్రమట్టి, కొద్ది అడుగుల్లోనే బండ. స్థలం మొత్తాన్ని చదును చేయాలంటే బండ పేల్చాలి. సహజ వాలును అలాగే ఉంచుకుంటే భవనమే మట్టాలు మారుతుంది. నేల 40కి 1 చొప్పున వాలుతుంటే 72 మీటర్ల పొడవులో 1.8 మీటర్ల తేడా వస్తుంది, అంటే సగం అంతస్తు. అప్పుడు ఎగువ నుంచి ఒక మట్టంలోకి, దిగువ నుంచి మరో మట్టంలోకి మెట్లు లేకుండానే అడుగు పెట్టవచ్చు. సావో పాలోలో కాంక్రీటుతో తెచ్చుకున్న సగం అంతస్తును ఇక్కడ నేలే ఇస్తుంది.

ఎండ లెక్క ఇంకా ముఖ్యం. ఇబ్రహీంపట్నం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. 23 డిగ్రీల మీద ఉన్న అహ్మదాబాద్‌లో ఉత్తరపు కిటికీకి మధ్యాహ్నం ఎండ దాదాపు తగలదు, ఇక్కడ తగులుతుంది. అయినా జూన్ 21న మధ్యాహ్న సూర్యుడు 83 డిగ్రీలకు పైన ఉంటాడు కాబట్టి చిన్న ఛజ్జా చాలు. అసలు బాధ వేసవి ఉదయం, సాయంత్రం ఈశాన్య, వాయవ్యాల నుంచి పక్కవాటుగా వచ్చే ఎండది. దానికి నిలువు పలకలు పెట్టాలి. దోషీ స్టూడియోను నమూనాగా తీసుకోవచ్చు కానీ దాని కిటికీని కొలతతో సహా తెచ్చుకోలేం.

దక్షిణాన డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు సుమారు 49.5 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 2.4 మీటర్ల వెడల్పున్న వసారా కప్పు ఆ వేళకు తన అంచు నుంచి కిందికి 2.8 మీటర్ల గోడకు నీడనిస్తుంది. దక్షిణపు దారి స్టూడియోకు గొడుగు అన్నమాట. పడమటి వైపు మాత్రం వసారా ఒక్కటే సరిపోదు: మధ్యాహ్నం తరువాతి ఎండ, నైరుతి రుతుపవనాల జల్లు రెండూ అటు నుంచే కొడతాయి. మెట్ల గదులు, స్టోర్లు, టాయిలెట్లు అటు పెడితే అవి అడ్డుగోడ అవుతాయి.

హైదరాబాద్ ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి 800 మిల్లీమీటర్ల పరిసరాల్లో ఉంటుంది, అందులో ఎక్కువ భాగం జూన్–సెప్టెంబరు నెలల్లోనే. గొలుసుకట్టు చెరువులున్న నేల కనుక స్థలంలో పడ్డ నీటి దారి కూడా రూపకల్పనలో భాగం. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టడం రాష్ట్ర నిబంధనలు ఒప్పుకోవు.

ప్రధాన అంగాలు

ముంగిలి: భవనం నడుమ తెరిచిన చోటు. స్టూడియోలు, గ్రంథాలయం, వర్క్‌షాపు దాని మీదికి తెరుచుకుంటాయి. బండను తొలగించకుండా ముంగిట్లోనే ఉంచితే కూర్చోవటానికి చోటు, గీయటానికి వస్తువు, మొదటి సంవత్సరం వాళ్లకు సర్వే పాఠం ఒకేచోట దొరుకుతాయి.

మెట్లు, వాలుదారి: 3.6 మీటర్ల అంతస్తుకు 15 సెంటీమీటర్ల మెట్లు 24 పడతాయి. చక్రాల కుర్చీకి పనికొచ్చే వాలు 12కి 1. అదే ఎత్తుకు 43 మీటర్లకు పైగా వాలుదారి, తొమ్మిది మీటర్లకొకటి చొప్పున విశ్రాంతి మట్టాలు కలిపితే సుమారు 49 మీటర్లు. దాన్ని భవనం వెనక ఇరికిస్తే ఎవరూ వాడరు. ముంగిలి చుట్టూ తిప్పి, పక్క గోడను ప్రదర్శన గోడ చేస్తే అందరూ వాడతారు.

వసారా: నడవటానికే అయితే 1.8 మీటర్లు చాలు. షీట్లు తగిలించి చర్చ పెట్టాలంటే మూడు మీటర్లు కావాలి. వసారా అంతటా ఒకే వెడల్పు ఉండనక్కర్లేదు. స్టూడియో వాకిళ్ల దగ్గర విప్పారి, ఆఫీసు గదుల దగ్గర ఇరుకైతే నడక తనంతట తానే ఎక్కడ ఆగాలో తెలుసుకుంటుంది. అడుగున తాండూరు బండలు చౌక, చల్లన, మరమ్మతు సులువు.

వర్క్‌షాపు: చెక్క పొట్టు, యంత్రాల రొద వల్ల దీన్ని దూరంగా నెట్టటం అలవాటు. కానీ చేత్తో చేసే పని అందరికీ కనపడాలి. నేల మట్టంలో, ముంగిలికి ఒక అంచున, గాజు గోడ వెనక పెట్టటం మధ్యే మార్గం.

భద్రత

ఒకదానిలోకి ఒకటి తెరుచుకునే మట్టాల్లో మాట ఎంత తేలిగ్గా పాకుతుందో పొగా అంతే తేలిగ్గా పాకుతుంది. యేల్ భవనంలో 1969 జూన్‌లో చెలరేగిన మంటలు చాలా భాగాన్ని కాల్చేశాయి. ఆ భవనాన్ని రుడాల్ఫ్ పేరుతో తిరిగి బాగుచేసి 2008లో తెరిచారు. థర్మోకోల్, సన్‌బోర్డు, కాగితం, జిగురు పేరుకునే కళాశాలలో ఈ పాఠం మరువకూడదు. అందరూ వాడే తెరిచిన మెట్లకు తోడు, పొగ చొరబడని గోడల మధ్య వేరే మెట్ల దారులు ఉండాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నియమాలు, దివ్యాంగుల హక్కుల చట్టం 2016 రెండూ ప్లాన్ మొదటి గీతలోనే కనపడాలి. ఇబ్రహీంపట్నం వంటి చోట్ల పైకి తెరిచిన ముంగిలి వల్ల ఒక మేలుంది: పొగ పైకి పోతుంది, కప్పిన ఏట్రియంలా లోపల చిక్కుకోదు.

పరిమితులు

తలుపుల్లేని స్టూడియోల్లో రొద ఎక్కువ. ఏకాగ్రతతో పని చేసుకునే వాళ్లకు చిన్న గదులు కొన్నైనా కావాలి. లాప్‌టాప్‌లూ ప్లాటర్లూ పెరిగాక దుమ్ము, దొంగతనం భయం వల్ల తెరిచిన చోట్లకు తరువాత గ్రిల్స్ బిగించటం చాలా కళాశాలల్లో కనిపిస్తుంది. ఏసీ పెట్టిన గదులు తెరిచిన వసారాతో పొసగవు. పెద్ద కప్పు కింద ఒకే హాలు చేస్తే వేడి, నీటి కారుడు, ప్రతిధ్వని సమస్యలు వస్తాయి. తాళం వేసే అలమరలు, మూసే కంప్యూటర్ గది, రాత్రి పని చేసే వాళ్లకు వేరే ద్వారం ముందే ప్లాన్‌లో పెడితే గ్రిల్స్ అవసరం తగ్గుతుంది.

అంచనా

నడక ప్రధానంగా కట్టిన కళాశాల ఖరీదైనదే కావాలని లేదు. నాగార్జునకొండ విహారంలో ఖరీదైన భాగం ఉమ్మడి మండపం, చవకైన భాగం గది. ఇబ్రహీంపట్నంలో అలాంటి భవనానికి కావలసిన బండ, వాలు, ఎర్రమట్టి, తాండూరు రాయి దగ్గర్లోనే ఉన్నాయి. వాటికి తోడు మూడు మీటర్ల నీడ దారి, వంద మీటర్ల పిన్-అప్ గోడ, అందరూ దాటక తప్పని ఒక ముంగిలి కుదిరితే ఆ కళాశాల సగం సిలబస్‌ను దాని భవనమే చెబుతుంది.